మాహూరు దత్తక్షేత్రము – శునక మార్జాల వైద్య చరిత్ర

మాహూరు తెలుగువారికి పరాయి క్షేత్రము కాదు. నేడు మహారాష్ట్రమున నాందేడు మండలమునందు, పైనగంగా నదికి చేరువ కొండల నడుమ నున్న యీ పురాతన నగరమునకు తెలంగాణపు యాత్రికులు తరతరములుగా పోవుచున్నారు. ఒక కొండపై రేణుకాదేవి, మఱియొక కొండపై దత్తాత్రేయుడు, వేఱొక శిఖరమున అనసూయాదేవి కొలువై యున్నారు. రేణుకయే తెలుగుపల్లెల ఎల్లమ్మ. ఆమెకే ఏకవీర యనియు పేరు. ఓరుగల్లున కాకతమ్మతోపాటు ఏకవీర పూజలందుకొన్నదని క్రీడాభిరామము చదివినవారికి తెలియును. పరిపాలనమునందును ఈ సంబంధము నిన్నమొన్నటిదాక నిలిచియున్నది. కిన్వట్ తాలూకా 1956 నాటి రాష్ట్ర పునర్విభజనము వఱకు ఆదిలాబాదు మండలములోనిదే. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు ప్రాంతములందు తెలుగు నేటికిని ఇంటిభాషగా వినవచ్చుచున్నది.

ఈ క్షేత్రమును ప్రసిద్ధము చేసిన దత్తమూర్తి తెలుగువారి గోడపటములలో ఇంటింటికి పరిచితమైనది. మూడు శిరస్సులు, ఆఱు చేతులు, వెనుక గోవు, పాదములకడ నాలుగు కుక్కలు. ఆ నాలుగు కుక్కలు నాలుగు వేదములని పెద్దలు వ్యాఖ్యానించిరి. లోకము అశుచి యని తరిమివేసిన జంతువును దేవుని పాదములకడ నిలిపి వేదమని పిలుచుట మన మతచరిత్రలో సామాన్యమైన విషయము కాదు. దక్కనులో మల్లన్న, మైలారుదేవుడు, ఖండోబా అను పేర్లతో పూజలందుకొను దైవమునకును కుక్క తోడుగా నున్నది. కాలభైరవునకు అది వాహనము. పిల్లి షష్ఠీదేవికి వాహనమై పురిటింటి పూజలలో తలపునకు వచ్చుచున్నది.

ఇట్లు దేవతల చెంత స్థానము పొందిన యీ రెండు జంతువులకు రోగము వచ్చినపుడు మన పూర్వులు ఏమి చేసిరి? వానికై ఏ వైద్యము పుట్టినది, ఎప్పుడు పుట్టినది, ఏల ఆలస్యముగా పుట్టినది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుట వినోదము కొఱకు కాదు. కుక్క రోగము కుక్కతో ఆగదు. అది మనుష్యుని ఇంటిలోనికి, ముఖ్యముగా పసిపిల్లల దేహములలోనికి వచ్చును. కావున శునకవైద్య చరిత్ర సగము మానవవైద్య చరిత్రయే.

గుఱ్ఱమునకు శాస్త్రము, కుక్కకు సామెత

పశువైద్యము భారతదేశమున ప్రాచీనమైనది. అశోకుడు తన రెండవ శిలాశాసనమున మనుష్యులకును పశువులకును చికిత్స లేర్పాటు చేసినట్లును, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించినట్లును చెప్పుకొనెను. ఆ శాసనపాఠము తెలుగుగడ్డమీద కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి బండలపైనను కలదు. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్ది నాటికే పశుచికిత్స రాజధర్మములలో నొకటియైన దనుటకు ఇది సాక్ష్యము.

అయినను ఆ తరువాతి శాస్త్రగ్రంథములను పరిశీలించినచో ఒక విశేషము కనబడును. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము వెలసినది. పాలకాప్యుని పేర గజశాస్త్రము వెలసినది. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణసారమును రచించెను. కౌటిల్యుని అర్థశాస్త్రమునను గుఱ్ఱములకు, ఏనుగులకు వైద్యులు చెప్పబడిరి. కాని వానికి దీటైన శునకశాస్త్రము గాని, మార్జాలశాస్త్రము గాని ప్రసిద్ధిలో లేదు. కారణము ఊహింపదగినదే. గుఱ్ఱము, ఏనుగు సైన్యమునకు అంగములు. వాని రోగము రాజ్యమునకు నష్టము. ఎద్దు, ఆవు వ్యవసాయమునకు మూలము. కుక్క కావలి కాచినను, పిల్లి ఎలుకలను పట్టినను, వాని వెల బొక్కసపు లెక్కలకు ఎక్కలేదు. వైద్యము ధనమును, అధికారమును అనుసరించినది.

ఈ నియమమునకు వేట యొక్కటే కొంత మినహాయింపు. కళ్యాణి చాళుక్యప్రభువైన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున సంకలించిన మానసోల్లాసమున రాజుల వినోదములలో శునకవినోదమునకును చోటు దొరకినది. దానికి ముందే రాష్ట్రకూటుల కాలమున కుక్కకొక వీరశిల లభించినది. కర్ణాటకమున మండ్య మండలములోని ఆతకూరు శాసనము క్రీ.శ. 949–950 ప్రాంతమునకు చెందినది. కాళి యను వేటకుక్క అడవిపందితో పోరి, దానిని చంపి తానును చచ్చెనని, దాని జ్ఞాపకార్థము గుడియెదుట ఱాయి నిలిపిరని ఆ శాసనము తెలుపుచున్నది. మాహూరి చెంత కొండను తొలిచి నిర్మించిన గుహలును ఆ రాష్ట్రకూట యుగమునకే చెందినవని పండితుల యభిప్రాయము. తెలుగుప్రబంధములలోను వేటకుక్కలకు కొఱత లేదు. మనుచరిత్రలోని స్వరోచి వేటయు, కాళహస్తి మాహాత్మ్యములోని తిన్నని వేటయు అందులకు తార్కాణములు.

ఇతిహాసమునందు కుక్క పక్షమున న్యాయము పలికిన ఘట్టములు రెండు సుప్రసిద్ధములు. ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు ఏ తప్పును చేయని కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లియైన సరమ వచ్చి రాజును నిలదీసి శపించెను. నన్నయగారి భారతమునను ఈ కథ మొదటిభాగముననే యున్నది. తుదకు మహాప్రస్థానమున ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమున కేగనొల్లడయ్యెను. కథ కుక్కతో మొదలై కుక్కతో ముగియుచున్నది. మాహూరు ప్రాంతమున ప్రబలిన మహానుభావ సంప్రదాయమున చక్రధరస్వామి వేటకుక్కలు తరుముకొని వచ్చిన కుందేలునకు తన మోకాటి క్రింద ఆశ్రయమిచ్చెనని లీలాచరిత్ర చెప్పుచున్నది. దయకు లోటు లేదు, లోటు వైద్యమునకే.

సుశ్రుతుడు చూచిన పిచ్చికుక్క

కుక్క రోగములలో ప్రాచీనవైద్యులు నిశితముగా పరిశీలించినది ఒక్కటే. అదియు కుక్క కొఱకు కాదు, అది కఱచిన మనుష్యుని కొఱకు. సుశ్రుతసంహిత కల్పస్థానము ఏడవ యధ్యాయమున ఎలుకవిషముతో పాటు అలర్కవిషము, అనగా పిచ్చికుక్క విషము, వివరింపబడినది. కుక్క, నక్క, ఎలుగుబంటి, పులి మున్నగు జంతువులకు ఈ యున్మాదము వచ్చుననియు, అపుడు వాని తోక, దవడ, మెడ వ్రేలబడి, నోట చొంగ కాఱి, కన్ను చెవి పనిచేయక ఎదురైన దానిపై బడుననియు అందు గలదు. కఱువబడిన చోట తిమ్మిరి పుట్టుననియు, రోగి ఆ జంతువు చేష్టలను అనుకరించి మరణించుననియు, నీటినిచూచి గాని నీటి మాట విని గాని భయపడినచో బ్రతుకడనియు సుశ్రుతుడు తేల్చిచెప్పెను. ఆ భయమునకు జలత్రాసమని పేరు.

ఈ వర్ణనమున రెండువిషయములు నేటికిని సత్యములు. జలభయము పుట్టినపిదప రోగిని బ్రతికించు ఔషధము దాదాపు లేదు. కావున చేయవలసిన దేదైనను ఆ లక్షణములకు ముందే చేయవలయును. సుశ్రుతుడును ముందే చేయుమనెను. కాటునుండి రక్తమును పిండి తీసి, కాచిన నేతితో ఆ చోటును కాల్చుమనెను. వెంపలి వేరు, ఉమ్మెత్త వేరు బియ్యపుకడుగుతో నూఱి, పిండితో కలిపి, ఉమ్మెత్తాకులలో చుట్టి కాల్చిన రొట్టెను తినిపించుమనెను. కాటును కాల్చవలయు నను సూత్రము పాశ్చాత్యదేశములందును పందొమ్మిదవ శతాబ్దిదాక నిలిచియున్నది. గాయమునందే విషమును నాశనము చేయవలయునను బుద్ధి సరియైనదే. సాధనము మాత్రము కాలక్రమమున మారినది: నేడు నిప్పునకు బదులు సబ్బు, ధారగా పాఱు నీరు.

ఉమ్మెత్త సంగతి వేఱు. దాని యాకు, వేరు, గింజ అన్నియు విషమే. వికారము, మైకము, కలవరింత కలిగించి అది రోగము పోయినదను భ్రాంతిని గాని, క్రొత్తరోగమును గాని పుట్టింపగలదు. తెలుగునాట పిచ్చికుక్క కాటునకు ఊడుగ చెక్కయు వాడుకలో నుండెను. ఈ మందులు తినినవారు కొందఱు బ్రతికిరి. కాని పిచ్చికుక్క కఱచిన ప్రతివారికిని రోగము రాదను సంగతి నేటి శాస్త్రము తేల్చినది. కాటు లోతు, చోటు, చొంగ పరిమాణములను బట్టి కొందఱు తప్పించుకొందురు. తప్పించుకొన్నవారి పుణ్యము వేరుమందు ఖాతాకు జమపడినది. చనిపోయినవారు సాక్ష్యము చెప్పుటకు రాలేదు. అనేక తరములు ఈ మందులను నమ్ముటకు మూలకారణ మిదియే.

వైద్యము చేతులెత్తివేసినపుడు క్షేత్రమే శరణ్యమైనది. గురుచరిత్రములో మాహూరు బ్రాహ్మణుడగు గోపీనాథుని కుమారుడు దత్తుడు క్షయరోగియై వైద్యులకు లొంగకపోగా, భార్య అతనిని గాణుగాపురమునకు తీసికొనిపోవు కథ ప్రసిద్ధము. మాహూరు నుండియే మఱియొక క్షేత్రమునకు రోగిని మోసికొనిపోయిన ఆ పతివ్రత కథలో ఆనాటి కుటుంబముల నిస్సహాయత స్పష్టముగా కనబడుచున్నది. క్షయమునకు మందు ఇరువదవ శతాబ్దిలో దొరకినది. పిచ్చికుక్క కాటునకు అంతకుముందే దొరకినది.

ఇంటిమందులు – మంచి చెడ్డలు

జంతువులకు నేరుగా వాడిన ఇంటిమందులు పల్లెలలో లేకపోలేదు. గజ్జి పట్టిన కుక్కకు గంధకము నూనెలో నూఱి పట్టించుట, కానుగనూనె, వేపనూనె పూయుట, పిడుదులను, గోమార్లను ఏఱిపారవేయుట పూర్వమునుండి యున్నవే. గంధకము నిష్ఫలమైన మందు కాదు. గజ్జిపురుగును చంపు గుణము దానికి గలదు. కడుపులోని బద్దెపురుగులకు మోదుగగింజలు, వాయువిడంగములు, పోకచెక్క ఆయుర్వేదములో పేరొందినవి. వీనిలో పోకచెక్కకు ప్రపంచఖ్యాతి వచ్చినది. వక్కలోని అరికోలిన్ అను సారము బద్దెపురుగును కదలకుండ చేసి బయటికి త్రోయును. ఇరువదవ శతాబ్దిలో న్యూజిలాండు మున్నగు దేశములు గొఱ్ఱెలకు, మనుష్యులకు నీటితిత్తుల వ్యాధిని కలిగించు బద్దెపురుగును కుక్కలనుండి పోగొట్టుటకు ఈ సారమునే చాలకాలము వాడినవి. అంతకంటె మేలైన ప్రాజిక్వాంటెల్ 1970 తరువాత వచ్చి దాని స్థానమును ఆక్రమించినది.

ముష్టిగింజ చరిత్ర ఇందులకు విరుద్ధము. ఆ గింజలోని స్ట్రిక్నిన్ కుక్కలకు మందుగా కాక మరణముగా వాడుకకు వచ్చినది. ఊరకుక్కల సంఖ్యను తగ్గించుటకు పురపాలకసంఘములు ఆ విషమును పెట్టిన కాల మొకటి కలదు. చంపినంతకాలము చంపినను కుక్కల సంఖ్య తగ్గలేదు. ఖాళీయైన వీధిలోనికి ప్రక్కవీధి కుక్కలు వచ్చి చేరెను. ఈ యనుభవముననే 1959లో మద్రాసున స్థాపింపబడిన బ్లూ క్రాస్ సంస్థ చంపుటకు మాఱుగా సంతాననిరోధ శస్త్రచికిత్సను, టీకాను ప్రతిపాదించినది. మద్రాసు నగరపాలక సంస్థ 1996లో ఆ మార్గమును స్వీకరించినది. 2001లో కేంద్రప్రభుత్వ నియమములు దేశమంతటికి దానినే విధించినవి. 2023లో క్రొత్త నియమములు వచ్చినవి.

పాశ్చరు నుండి కూనూరు వఱకు

1885వ సంవత్సరము జూలై 6వ తేది పారిసు నగరమున లూయీ పాశ్చరు జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు పిచ్చికుక్క కాటునకు తన టీకాను ప్రారంభించెను. బాలుడు బ్రతికెను. రోగబీజమును కంటితో చూడకయే, దానిని కుందేటి వెన్నుపాములో ఎండబెట్టి బలహీనపఱచి, దానినే రక్షణగా మార్చిన యీ సాధనము వైద్యచరిత్రలో నొక మలుపు. ఈ రోగమునకు పొదుగుకాలము దీర్ఘము. బీజము కాటునుండి నరముల వెంట మెల్లగా మెదడునకు ప్రయాణించును. ఆ ప్రయాణకాలమే టీకాకు అవకాశము. టీకా మందు వేగముతో పరుగెత్తి బీజమును దారిలో పట్టుకొనవలయును. ఆలస్యము ప్రాణాంతక మగుటకు కారణ మిదియే.

భారతదేశమున తొలి పాశ్చరు సంస్థ 1900లో కసౌలీలో వెలసినది. దక్షిణదేశమునకై హెన్రీ ఫిప్స్ అను అమెరికా దాత సాయముతో కూనూరున 1907లో రెండవది వెలసినది. అంతకుముందు కాటుపడిన తెలుగువాడు ఉత్తరహిందూస్థానపు కొండలకు పోవలసియుండెను. రైలుబండి టిక్కెట్టునకు సొమ్ములేని రైతుకూలికి ఆ టీకా ఉన్నను లేనట్లే. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో గొఱ్ఱెమెదడునుండి, బీజమును చంపి తయారుచేసిన టీకా దూరప్రాంతములకు పంపుటకు అనువైనది. దానిచే చికిత్స జిల్లా ఆసుపత్రులకు వచ్చినది. హైదరాబాదు నారాయణగూడలోని వ్యాధినిరోధక వైద్యసంస్థయు ఈ మందును తయారుచేసినది. తెలుగువారి నోట నేటికిని మిగిలియున్న “బొడ్డుచుట్టూ పదునాలుగు సూదులు” అను మాట ఆ సెంపుల్ టీకా జ్ఞాపకమే.

ఆ టీకా లక్షల ప్రాణములను కాచినది. కొందఱికి పక్షవాతమును తెచ్చినది. మెదడుపదార్థమును దేహములోనికి ఎక్కించుటయే ఆ దోషమునకు మూలము. సూదుల భయమున చికిత్సను నడుమ విడిచినవారును కలరు. కణవర్ధనము ద్వారా చేసిన నిర్దోషములైన టీకాలు రాగా, 2004 తుదిని భారతదేశము మెదడుటీకా తయారీని ఆపివేసినది. 1980 దశకారంభమున జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి హైదరాబాదున స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ మనుష్యులకును కుక్కలకును రేబీస్ టీకాలను తయారుచేయుచున్నది. కసౌలీకి పరుగెత్తిన తెలుగుదేశమే దేశమునకు టీకా నిచ్చు స్థితికి వచ్చుట నూఱేండ్ల కథ.

మద్రాసు వేటకుక్కలును, నూతన వ్యాధులును

1886లో బొంబాయి పశువైద్య కళాశాల, 1903లో మద్రాసు కళాశాల, 1946లో హైదరాబాదు కళాశాల, 1955లో ఆంధ్ర పశువైద్య కళాశాల వెలసినవి. వీని తొలిశ్రద్ధ సహజముగా గుఱ్ఱములపైనను, పశువులపైనను నిలిచినది. కుక్కరోగములలో నొకటి శాస్త్రమునకు ఎక్కుటకు మరల వేటయే కారణమైనది. నక్కలను వేటాడుటకై ఆంగ్లేయులు మద్రాసున పోషించిన వేటకుక్కల రక్తమున 1910లో పాటన్ అను వైద్యాధికారి ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. అదియే నక్కలయందును కనబడినది. నేడు బబేసియా గిబ్సోనీ యని ప్రపంచమంతట పేరొందిన పరాన్నజీవి అది. పిడుదులు కఱచుటచే సంక్రమించి, ఎఱ్ఱకణములను పగులగొట్టి, జ్వరము, రక్తహీనత, పచ్చకామెర్లు, ముదురురంగు మూత్రము కలిగించును. పల్లెలలో పిడుదులను ఏఱివేసిన ముసలివారు చేసినది శుభ్రత కొఱకే అయినను, అది ఈ జ్వరమునకు ముందుజాగ్రత్తయు నైనది.

కుక్కపిల్లల పాలిటి మృత్యువైన డిస్టెంపర్ అను రోగమును ఎడ్వర్డ్ జెన్నరు 1809లోనే వర్ణించెను. దానికి కారణము సూక్ష్మదర్శినికి అందని బీజమని 1905లో కారే యను ఫ్రెంచి పశువైద్యుడు నిరూపించెను. 1920 దశకమున ఇంగ్లండులో లెయిడ్లా, డంకిన్ అనువారు టీకా నిర్మించిరి. ముక్కు, కన్ను కాఱుట, దగ్గు, విరేచనములు, తుదకు మూర్ఛ, అంగముల అదురుపాటు దీని లక్షణములు. ఊరకుక్కలనుండి ఈ రోగము అడవికి పోవును. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీ సింహములలో సుమారు మూడవవంతు దీనిచే నశించెను. 2018లో గిర్ అడవిలోని సింహముల మరణములకును ఇది యొక కారణముగా తేలినది. పైనగంగాతీరపు అభయారణ్యమునకు చేరువనున్న మాహూరు వంటి ప్రాంతమున ఊరకుక్క టీకా అడవిజంతువునకును రక్షణయే.

1978లో పార్వో యను మఱియొక వ్యాధి ఒక్కసారిగా పలు ఖండములలో బయలుదేరినది. పిల్లుల పాన్‌ల్యూకోపీనియా బీజమును పోలిన బీజము మార్పుచెంది కుక్కలకు సోకినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. వాంతులు, రక్తవిరేచనములతో చిన్నకూనలు రెండుమూడు దినములలో నశించును. బీజమును చంపు మందు లేదు; కోల్పోయిన నీటిని, లవణములను సెలైను ద్వారా ఎక్కించి కాపాడుటయే చికిత్స. కావున ఆఱు ఎనిమిది వారముల ప్రాయమున మొదటి టీకా, పదునాఱు వారములవఱకు మరల మరల టీకాలు, మూడునెలల ప్రాయమున రేబీస్ టీకా వేయించుట ఇపుడు విధిగా నున్నది. నులిపురుగులు తల్లినుండియే కూనలకు వచ్చును గనుక వాని మందు రెండువారముల ప్రాయముననే మొదలగును.

పిల్లి – మనుష్యుని మందులు

కుక్కకంటె పిల్లి చరిత్రలో ఇంకను వెనుకబడినది. దాని దేహధర్మమును చిన్నకుక్క ధర్మముగా ఎంచుట చిరకాలము జరిగిన పొరపాటు. మనుష్యుని కాలేయము పారసిటమాలును గ్లూక్యురోనిక్ ఆమ్లముతో జోడించి విషము లేనిదిగా చేసి బయటికి పంపును. పిల్లి కాలేయమునకు ఆ శక్తి మిక్కిలి కొఱత. జ్వరమునకై ఇంటిలో నుండు 500 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు కిలోల పిల్లికి వేసినచో కిలోకు 125 మిల్లీగ్రాములగును. అందులో కొంతభాగమే దానికి ప్రాణాంతకము. రక్తము ప్రాణవాయువును మోయజాలక, నాలుక, చిగుళ్లు గోధుమనీలవర్ణమునకు తిరిగి, ముఖము వాచి, అది నశించును. ఎసిటైల్‌సిస్టీన్ విరుగుడుగా కలదు గాని దానిని గంటలలో ఈయవలయును. కుక్కల పిడుదులకు వాడు పెర్మెత్రిన్, గజ్జికి వాడు బెంజైల్ బెంజోయేట్ పిల్లికి విషములే. నొప్పులకు మనము మ్రింగు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రెండుజంతువులకును కడుపుపుండును, మూత్రపిండముల నాశనమును తెచ్చును. ఉల్లి, వెల్లుల్లి వాని రక్తకణములను చిట్లించును. ప్రేమతో పెట్టినది పగతో పెట్టిన దానివలెనే పనిచేయును.

ఔషధము జాతినిబట్టియే కాక వంశమునుబట్టియు మారును. జపానువాడైన ఒమురా, ఐర్లండున పుట్టిన కాంప్‌బెల్ ఐవర్‌మెక్టిన్ మూలమును కనుగొని 2015లో నోబెల్ బహుమానమందిరి. ఆ మందు గజ్జిపురుగునకు శత్రువు. అయినను కోలీ జాతి కుక్కలలో పెక్కింటికి ఒక జన్యులోపమువలన అది మెదడులోనికి చొచ్చి ప్రాణము తీయగలదు.

రాబందులు లేని ఆకాశము

పశువైద్యముయొక్క మఱియొక తప్పు దక్కనుపల్లెల ఆకాశమునందు కనబడుచున్నది. నొప్పికై ఎద్దులకు, ఆవులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ కళేబరములో నిలిచి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను నాశనము చేసినది. 1990 తరువాత భారతదేశపు రాబందులలో మూడు జాతులు నూటికి తొంబదికి పైగా నశించెను. కళేబరములు తినువారు లేక మిగిలిపోయినవి; ఆ కూడు ఊరకుక్కలకు చేరినది. కుక్కలు పెరుగుటతో కాటులును పెరిగినవని పరిశోధకులు నిర్ణయించిరి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించిరి. ఒక జంతువునకు వేసిన మందు మఱియొక జంతువును చంపి, మూడవదానిని పెంచి, నాలుగవదగు మనుష్యునకు కీడు తెచ్చిన యీ గొలుసు నేటి వైద్యలోకమునకు పెద్ద పాఠము.

సారాంశము

ఈ చరిత్రను సమీక్షించినచో ఒక్క విషయము స్పష్టమగును. మన సంస్కృతి కుక్కకు దయను ఇచ్చినది, కథలో పదవిని ఇచ్చినది, దేవుని పాదములకడ చోటిచ్చినది. వైద్యమును మాత్రము మనుష్యునకు భయము కలిగినపుడే ఇచ్చినది. ఆ భయమింకను తీఱలేదు. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది రేబీస్‌చే మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ చిరకాలముగా ఉదహరించిన అంచనా. అందు పెద్దభాగము భారతదేశముది. చనిపోవువారిలో పిల్లలు ఎక్కువ. 2030 నాటికి కుక్కకాటు రేబీస్ మరణములను లేకుండ చేయవలయునని సంకల్పించి 2021లో జాతీయ ప్రణాళిక వెలువడినది. ఒక ప్రాంతమున నూటికి డెబ్బది కుక్కలకు టీకా పడినచో రోగపు గొలుసు తెగును. మిగిలిన ముప్పది టీకా లేనివైనను బీజము ఒకదానినుండి మఱియొకదానికి పోవుటకు దారి దొరకదు.

కాటుపడినవాడు చేయవలసినది స్వల్పము. గాయమును సబ్బుతో, ధారనీటితో పదునైదు నిమిషములు కడుగవలయును. కారము, సున్నము, ఆకుపసరు అద్దరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టి, చెప్పిన దినములలో తప్పక పూర్తిచేయవలయును. లోతుగాయమైనచో రోగనిరోధక సీరమును గాయముచుట్టును వేయించుకొనవలయును. పిల్లి గీఱినను, కఱచినను విధానమిదియే.

దత్తభక్తులలో కుక్కకు రొట్టె పెట్టుట పుణ్యముగా నిలిచియున్నది. మాహూరు కొండ యెక్కు తెలుగుయాత్రికుడును ఆ యాచారమును ఎఱుగును. ఆ రొట్టె పెట్టిన చేయియే ఏడాదికొకసారి ఆ కుక్కను టీకా సూదిచెంతకు నడిపించినచో, రొట్టెతో వచ్చిన పుణ్యమునకు కొఱత రాదు. ఆ వీధిలో ఆడుకొను బిడ్డకు ఆయువు తోడగును. వేదములని పిలిచిన జంతువునకు వేయేండ్లుగా బాకీపడిన వైద్యమును చెల్లించుటకు ఇప్పుడు శాస్త్రము సిద్ధముగా నున్నది. చెల్లించుట సమాజము వంతు.